సైనికుని బత్తెము

గత సంవత్సరము తొమ్మిదవ తరగతిలో చరిత్ర పాఠము జరుగుచుండగా వెనుక వరుసలోని యొక విద్యార్థి లేచి, "అయ్యా, యుద్ధము లేనప్పుడు సైనికుడేమి చేయునండి?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. మేమును నవ్వి, "కవాతు చేయును, కూర్చుండుము" అని పాఠమును ముందునకు సాగించితిమి. కాని యింటికి వచ్చిన పిమ్మట ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. చరిత్ర పుస్తకములలో మనము చదువునవి యుద్ధముల తేదీలు, రాజుల పేర్లు, సంధి షరతులు. యుద్ధము జరుగునది ఒకటి రెండు దినములు. ఆ యుద్ధమున కత్తి పట్టినవాడు బ్రదుకునది నలుబది యేబది సంవత్సరములు. తక్కిన దినములలో అతడెవరి యన్నము తినెను, ఎవరి పని చేసెను, ముసలితనమున అతనిని పోషించినదెవరు అను సంగతులు పాఠములో లేవు. ఆ బాలుడడిగినది సరిగా వానినే. నవ్వినందుకు సిగ్గుపడి, మాకు తెలిసినంతవరకు ఈ వ్యాసమున అతనికి సమాధానము చెప్పుచున్నాము.

కాలక్రమమున సైనికుని వృత్తి మారుటకు కారణము ఆయుధములు మారుటయే యని సామాన్యముగా చెప్పుదురు. విల్లు పోయి తుపాకి వచ్చెను. గుఱ్ఱము పోయి టాంకు వచ్చెను. ఇప్పుడు మనిషి లేని విమానము వచ్చినది. కాన సైనికుడును మారెనందురు. ఇందులో నిజము లేకపోలేదు. అయినను మా తలపున, ఆయుధము మారినప్పటికంటె బత్తెమిచ్చు చేయి మారినప్పుడే సైనికుని పని యెక్కువగా మారినది. బత్తెమనగా ఊరు విడిచి పనిమీద పోవువానికి దినవెచ్చము క్రింద నిచ్చు తిండియో రొక్కమో యని మన పెద్దలెల్లరును ఎరుగుదురు. ఈ మాటను పట్టుకొని వెదకిన యెడల సైనికుని కథ చాలవరకు తేటపడును.

రోమునగరపు తొలి దినములలో సైనికుడను ప్రత్యేకమైన వృత్తివాడు లేడు. పొలము గలవాడే సైనికుడు. ఆస్తినిబట్టి యాయుధము. ధనవంతుడు గుఱ్ఱముతోను, మధ్యముడు డాలుతోను కవచముతోను, చిన్నరైతు వడిసెలతోను వచ్చి నిలుచును. యుద్ధము కొలది నెలలలో ముగిసి, కోతల వేళకో దుక్కి వేళకో ఎవరి యింటికి వారు చేరుదురు. బత్తెము వారి గాదెలోనిదే. కాని రోమీయుల యుద్ధములు స్పెయిను దేశమునకును ఆఫ్రికాఖండమునకును వ్యాపించిన పిమ్మట, పోయినవాడు ఏండ్ల తరబడి తిరిగి రాలేదు. వెనుక పొలములు బీడుపడెను, అప్పులు పెరిగెను, భూములు ధనికుల పాలయ్యెను. సైన్యమునకు భూమిగల రైతులు చాలకపోయిరి. క్రీ. పూ. 107లో గాయస్ మారియస్ అను అధికారి భూమిలేని పేదలను గూడ సైన్యమున చేర్చుకొనెను. ఆస్తి నియమము అంతకుముందే కొంత కొంత సడలుచు వచ్చెననియు, మారియస్ ఒక్కడే యొక్క దినమున దానిని త్రోసివేయలేదనియు నేటి చరిత్రకారులు చెప్పుదురు. ఏమైనను ఫలితమొక్కటే. ఇంటికి తిరిగి పోయి దున్నుకొనుటకు పొలము లేనివాడు, సేవ ముగిసిన తరువాత తనకు పొలమిచ్చునది ఎవరా యని చూచును. రాజ్యసభవారు ఈయలేదు, సేనాపతులు ఇప్పించిరి. కాన సైనికుడు రాజ్యసభను విడిచి సేనాపతిని నమ్ముకొనెను. క్రీ. పూ. 88లో సుల్లా తన సేనతో రోమునగరము మీదికే నడచెను. క్రీ. పూ. 49లో జూలియస్ సీజరు రూబికాన్ నదిని దాటెను. ఈ రెండు దండయాత్రలలో సైనికులు తమ స్వంత నగరము మీదికి ఎట్లు పోగలిగిరని విద్యార్థులు ఆశ్చర్యపడుట కలదు. వారికి అన్నము పెట్టినది నగరము కాదు.

ఈ సంగతిని బాగుగా గ్రహించినవాడు అగస్టసు చక్రవర్తి. సేవాకాలము మొదట 16 సంవత్సరములనియు, తరువాత 20 సంవత్సరములనియు అతడు నిర్ణయించెను. సామాన్య సైనికునకు సంవత్సరమునకు 225 దేనారములు జీతము. సేవ ముగించిన వానికి 3,000 దేనారముల రొక్కము, లేక భూమి. దీనికొరకు క్రీ. శ. 6లో ప్రత్యేకముగా నొక నిధిని స్థాపించి, వారసత్వపు ఆస్తులమీద నూటికి అయిదును, వేలములమీద నూటికి ఒకటియు పన్ను విధించెను. ధనవంతులు ఈ పన్నును మిక్కిలి ద్వేషించిరి. కాని ముసలి సైనికుని సంగతి రాజ్యమే చూచుకొనవలెనని యొక ప్రభుత్వము పద్దు వ్రాసి పన్ను వేసినది చరిత్రలో ఇట్లు కనబడుచున్నది. మరి యుద్ధము లేనప్పుడు ఈ సైనికులేమి చేసిరి? బాటలు వేసిరి, వంతెనలు కట్టిరి, కాలువలు త్రవ్విరి. క్రీ. శ. 122లో ఆరంభమైన హేడ్రియను గోడ బ్రిటను దేశమున నేటికిని కొంత నిలిచియున్నది. దానిని కట్టినవారు మూడు దళముల సైనికులు. మా విద్యార్థి ప్రశ్నకు ఇది మొదటి సమాధానము.

ఇచ్చట ఒక చిన్న మాట. రోమీయ సైనికులకు జీతమునకు బదులు ఉప్పు ఇచ్చుచుండిరనియు, ఇంగ్లీషులో జీతమునకు వాడు 'శాలరీ' అను మాట అందుండియే పుట్టినదనియు అనేక పుస్తకములలో కానవచ్చును. మేమును చాలకాలము తరగతిలో అట్లే చెప్పుచుంటిమి. ఆ లాటిను మాటకు ఉప్పుతో సంబంధము కలదు గాని, సైనికులకు ఉప్పే జీతముగా నిచ్చిరనుటకు ప్రాచీన గ్రంథములలో గట్టి ఆధారము లేదు. మా వలన విన్న పూర్వ విద్యార్థులు దిద్దుకొందురు గాక.

జీతము చాలని సైనికుడు, లేక చాలినను ఆశ విడువని సైనికుడు, చేతిలో ఆయుధమున్నందున ఏమి చేయునో ప్రాచీనులకు తెలియును. లూకా సువార్తలో కొందరు సైనికులు బాప్తిస్మమిచ్చు యోహానునొద్దకు వచ్చి తాము చేయవలసినదేమని యడిగినప్పుడు, అతడు వారిని ఆయుధములు పారవేయుడని చెప్పలేదు. జనులను బాధించి సొమ్ము లాగుట మానుటను గూర్చియు, జీతముతో తృప్తిపడుటను గూర్చియు చెప్పెను. ఆ కాలపు పల్లె ప్రజలకు సైనికుడనిన ఏమి భయమో ఆ సమాధానమును బట్టియే తెలియుచున్నది.

మన దేశమునకు వత్తము. కౌటిల్యుని అర్థశాస్త్రమున రాజసేవకుల జీతముల పట్టిక యొకటి కలదు. అందులో శిక్షణ పొందిన కాలిబంటునకు 500 పణములు. లెక్కలు వ్రాయు కరణమునకును, లేఖకునకును గూడ అదే జీతము. ఆచార్యులకును విద్యావంతులకును 500 మొదలు 1,000 పణముల వరకు యోగ్యతను బట్టి యిమ్మని యున్నది. (ఉపాధ్యాయులమగు మేము ఈ భాగమును రెండు మారులు చదివితిమని ఒప్పుకొనుచున్నాము.) అనగా ఆ గ్రంథకర్త దృష్టిలో సైనికుడు కరణము వలెనే జీతగాడు. మౌర్యుల రాజధానికి వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీసు, సైనికులు శాంతికాలమున గూడ రాజు ఖర్చు మీదనే జీవించుచు, పనిలేక త్రాగుచు కాలము గడపుదురని వ్రాసెను. ప్రక్కన యుద్ధము జరుగుచున్నను రైతులు నిర్భయముగా దున్నుకొనుచుందురనియు అతడే వ్రాసెను. పరదేశి చూచినదంతయు సరిగా చూచెనని మేము చెప్పము. కాని ఈ రెండు మాటలకును సంబంధము కలదు. సైనికుని కడుపు రాజు నింపినచోట రైతు పొలము జోలికి అతడు పోవలసిన పని తక్కువ.

కాకతీయుల కాలమున తెలుగు దేశమున వేరొక పద్ధతి వర్ధిల్లెను. రాజు నాయకునకు కొన్ని గ్రామముల రాబడినిచ్చును. నాయకుడు ఆ రాబడితో బంట్లను పోషించి రాజు పిలిచినప్పుడు తీసికొని రావలెను. దీనికి నాయంకరమని పేరు. ఓరుగంటి కోటకు 77 బురుజులనియు, ఒక్కొక్క బురుజు కావలి యొక్కొక్క నాయకునిదనియు మన పెద్దలు చెప్పుకొను కథ. లెంకలను మరియొక తెగ బంట్లు ప్రభువుతో కూడ ప్రాణమిత్తుమని ప్రతిన పూనినవారు. ఈ పద్ధతిలో బంటు తినునది నాయకుని యన్నము. రాజును అతడు జన్మలో చూడకయే యుండవచ్చును. అందుచేత 1323లో ఓరుగల్లు పడి ప్రతాపరుద్రుడు చెరపట్టబడినను నాయకులు మిగిలిరి, బంట్లు మిగిలిరి. పదునైదేండ్లు తిరుగకముందే ముసునూరి వారు ఓరుగల్లును మరల గెలుచుకొనిరి. విజయనగర రాజులు ఇట్టి పద్ధతినే అమరమను పేర పెంచిరి. 1520లో రాయచూరు ముట్టడిలో శ్రీకృష్ణదేవరాయల పక్షమున 20 మంది పోర్చుగీసు తుపాకివారు పనిచేసిరని ఆ దేశస్థుడైన న్యూనిజు వ్రాసెను. లక్షలమంది బంట్లలో ఇరువదిమంది! కాని రాబోవు కాలమంతయు ఆ యిరువదిమందిదే.

చనిపోయిన బంటు కుటుంబము సంగతి యేమి? రాయలసీమలో ఊరి వెలుపల చెట్టు క్రిందనో చెఱువు గట్టునో నిలువబడియున్న వీరగల్లులను మీరు చూచియే యుందురు. పశువుల మందలను కాపాడుచునో, ఊరిని కాపాడుచునో పడిపోయినవాని బొమ్మ వానిపై చెక్కబడియుండును. కొన్నిటిపై అతని వారికి భూమి నిచ్చిన సంగతియు వ్రాయబడియుండును. సెలవులలో ఊరికి పోవు విద్యార్థులు వానిని తాకి, మీద సున్నము పూయక, అక్షరములున్న యెడల ఛాయాచిత్రము తీసి మాకు చూపిన సంతసింతుము.

యుద్ధము లేనప్పుడు ఈ బంట్లు ఊరి కావలి కాసిరి, బాటసారులను దొంగలనుండి కాపాడిరి, పన్ను సొమ్మును మోసికొని పోయిరి, తమకిచ్చిన మాన్యమును దున్నుకొనిరి. కట్టుబడి బంట్రోతులని వీరికి పేరు. కుంఫిణీ ప్రభుత్వము వచ్చి, పోలీసును కచేరీని వేరుగా నేర్పరచిన తరువాత ఈ మాన్యములు క్రమముగా రద్దయ్యెను. కోయిలకుంట్ల ప్రాంతములో 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు చేసినప్పుడు అతనితో చేరినవారిలో అనేకులు ఇట్లు కట్టుబడి మాన్యములు పోగొట్టుకొన్నవారే. 1847 ఫిబ్రవరిలో రెడ్డిని ఉరితీసిరి. ఆ తిరుగుబాటును కేవలము నాయకుని శౌర్యముగా చెప్పుకొనుట వాడుక. బత్తెము పోయిన బంట్ల దుఃఖముగా గూడ దానిని చదువవచ్చును. ఇక ఆ బంట్రోతు అను మాట యేమైనదో మీకు తెలియును. డాలు కత్తి పట్టి తిరిగినవాని పేరు నేడు కచేరీ గుమ్మము నొద్ద బల్లమీద కూర్చుండువానికి, మన పాఠశాల గంట కొట్టువానికి వచ్చినది. నాయకుడను మాటయు అట్లే. ఒక బురుజును, పది గ్రామములను ఏలిన నాయకుని పేరు కుంఫిణీ సేనలో 'నాయక్' అయి, హవల్దారుకంటె తక్కువ పదవియైనది. భారత సైన్యమున నేటికిని అట్లే యున్నది.

ఇప్పుడు సిపాయి సంగతి. కృష్ణా గోదావరీ తీరములకు వర్తకమునకు వచ్చిన ఫ్రెంచివారును ఇంగ్లీషువారును పదునెనిమిదవ శతాబ్ది నడుమ మన దేశస్థులను చేర్చుకొని, తుపాకి యిచ్చి, ఒక్క మాటకు వందమంది ఒక్క రీతిగా కదలునట్లు కవాతు నేర్పిరి. అందులో తెలుగువారు చాలమంది. 1756లో క్లైవు చెన్నపట్టణమునుండి సిపాయీలను బంగాళమునకు తీసికొనిపోయెను. మరుసటి సంవత్సరము ప్లాసీ యుద్ధమున వారు పోరాడిరి. బంగాళీయులు వారిని 'తెలింగా'లనిరి. ఆ పేరు ఉత్తరదేశమంతటను వ్యాపించి, తెలుగు మాట యొక్కటియు రాని సిపాయీలకు గూడ అంటుకొనెను. 1857లో ఢిల్లీలో తిరుగబడిన సిపాయీలను ఆ నగరవాసులు ఉర్దూలో 'తిలంగే' అనియే వ్రాసిరి. వారిలో తెలుగువారు దాదాపు లేనేలేరు. మన దేశము పేరు పరదేశములో కవి పేరుగా గాక, పండితుని పేరుగా గాక, జీతపు సిపాయి పేరుగా నిలిచినదని తలచినప్పుడు గర్వపడవలెనో విచారపడవలెనో మాకు తోచదు.

ఆ సిపాయికి నెలకు 7 రూపాయలు. సొమ్ము పెద్దది కాదు. కాని నెల తిరుగగానే చేతికి వచ్చెడిది. నాయకుని దయ, పంటల రాబడి, దోపిడిలో వాటా అను మూడింటి మీదను ఆధారపడనక్కరలేదు. స్వస్థలము విడిచి దండయాత్రకు పోయినచో పైన 'బట్టా' యను పేర మన బత్తెము వంటిదే దొరకును. పనికిరాని స్థితి వచ్చిన వానికి పింఛను గూడ నుండెను. కుంఫిణీ సేనల విజయమునకు కవాతును ఫిరంగులును కారణములని చెప్పుదురు. తప్పక తీరు జీతము వానికంటె తక్కువ కారణము కాదు.

జీతము లేని సైనికుడెట్టివాడో అదే కాలమున గుంటూరు ప్రజలు చూచిరి. మరాఠా సేనల వెంట తిరుగు పిండారీలకు నెలజీతము లేదు. జీతమునకు మారుగా దోచుకొను హక్కే వారి బత్తెము. 1816 మార్చిలో వారు గుఱ్ఱములమీద గుంటూరు ప్రాంతమున దిగి, పండ్రెండు దినములలోపల కుంఫిణీ మండలములలో 339 గ్రామములను దోచుకొనిరి. 182 మందిని చంపిరి. 505 మందిని గాయపరచిరి. దాచిన సొమ్ము చూపుమని చిత్రహింస పెట్టబడినవారు మూడువేలకు మించిరి. ఈ యంకెలు ఆనాటి ప్రభుత్వము విచారించి వ్రాసికొన్నవి. కుంఫిణీ వారు ఫిరంగులతో వచ్చిన శత్రువును కనిపెట్టగలరు గాని, వెంట గుడారము లేక, సామాను లేక, తిండిని దారి పొడుగునను ఊళ్లలోనే ఏరుకొను శత్రువును పట్టలేకపోయిరి. 1817-18 సంవత్సరములలో పెద్ద యుద్ధము చేసి వారిని అణచిరి. లొంగిన పిండారీ నాయకులలో కొందరికి భూములిచ్చి కాపురముండునట్లు చేసిరి. మరల బత్తెమే!

అయితే బత్తెముతో అన్నియు కొనవచ్చునని కుంఫిణీవారు తలచినచో మోసపోయిరి. 1780లో హైదరాలీతో యుద్ధమునకై చెన్నపట్టణమునకు ఓడ యెక్కుడని ఆజ్ఞాపింపగా విశాఖపట్టణపు సిపాయీలు తిరుగబడిరి. అందు కొందరు ఆంగ్లేయులు చనిపోయిరి. భూమిమీద ఎంత దూరమైన నడతుము గాని సముద్రము మీదికి పోమని వారి పట్టుదల. 1806 జూలై 10న వేలూరు కోటలో జరిగినది ఇంకను పెద్దది. క్రొత్త తలపాగా ధరింపుమనిరి. దానిమీద తోలు తురాయి. బొట్టు పెట్టరాదు, పోగులు ధరింపరాదు, గడ్డము కత్తిరింపవలెను అని నియమములు పెట్టిరి. తెల్ల సైనికులు నూరుమందికి పైగా ఆ రాత్రి చనిపోయిరి. పగలు వచ్చిన సహాయ సేన చేతిలో సిపాయీలు వందలకొలది చనిపోయిరి. ఉప్పు తిన్న యింటికి ద్రోహము చేయరాదని నమ్మిన మనుష్యులే వీరు. చేతిని అద్దెకు తీసికొన్నవాడు నొసటిని గూడ తీసికొనబోయెను, అచ్చట తెగినది.

పందొమ్మిదవ శతాబ్ది చివర మన సిపాయికి వేరొక దెబ్బ తగిలెను. కొన్ని జాతులు మాత్రమే యుద్ధమునకు పుట్టినవను సిద్ధాంతము సేనాపతుల తలలకెక్కెను. 1881 మొదలు 1885 వరకు మద్రాసు సేనాపతిగా నుండిన రాబర్ట్సు ఈ సిద్ధాంతమునకు ముఖ్యుడు. ప్లాసీనాడు పనికివచ్చిన తెలుగువాడు ఇప్పుడు పనికిరానివాడయ్యెను. మద్రాసు పటాలములు ఒకటొకటిగా తగ్గింపబడెను. ఈ సిద్ధాంతమునకు శాస్త్రములో ఆధారము లేదు. మా విద్యార్థులలో ఎవరైనను 'మన కులమువారు వీరులు, వారి కులమువారు పిరికివారు' అను మాట వినినచో, ఆ మాట యొకప్పుడు మనయందరి మీదను ప్రయోగింపబడినదని జ్ఞాపకముంచుకొనుడు.

ఐరోపాఖండమున ఈ నడుమ సైనికుడు మరియొక విధముగా మారెను. 1793 ఆగస్టు 23న ఫ్రెంచి ప్రజాసభ దేశములోని యువకులందరిని సైన్యమునకు రమ్మని శాసించెను. ఇక సైనికుడు జీతగాడు కాడు, పౌరుడు. వినుటకు గొప్పగానే యున్నది. కాని జీతగాండ్రకు ఖర్చగునని జంకు రాజులు, పౌరుల ప్రాణముల విషయమున జంకలేదు. సేనలు వేలనుండి లక్షలకు పెరిగెను. 1859 జూన్ 24న సోల్ఫెరినో యుద్ధభూమిలో వేలకొలది క్షతగాత్రులు నీరిచ్చువాడు లేక పడియుండుటను హెన్రీ డ్యూనా అను స్విస్సు వర్తకుడు చూచెను. ఊరి స్త్రీలను కూర్చుకొని, ఏ పక్షమువాడని చూడక, కట్లు కట్టించెను. ఆ దినమునుండియే 1863లో రెడ్‌క్రాసు సంఘమును, 1864లో మొదటి జెనీవా ఒడంబడికయు పుట్టెను. గాయపడి ఆయుధము జారవిడిచినవాడు ఇక సైనికుడు కాడు, మనుష్యుడు అను నియమము అప్పుడు కాగితము మీదికి వచ్చినది.

1914 మొదలు 1918 వరకు జరిగిన ప్రపంచయుద్ధమున భారతీయులు 13 లక్షలకు మించి పనిచేసిరి. సుమారు 74,000 మంది తిరిగి రాలేదు. యుద్ధారంభమున సిపాయి జీతము నెలకు 11 రూపాయలు. రెండవ యుద్ధమునాటికి సైన్యము 25 లక్షలాయెను. ఎవరిని బలవంతముగా చేర్పక ఏర్పడిన సేనలలో అంత పెద్దది అంతకుముందు లేదు. మనుష్యులు కావలసివచ్చినప్పుడు జాతి సిద్ధాంతము ప్రక్కకు పోయెను; మద్రాసు పటాలము మరల లేచెను. పశ్చిమ గోదావరి మండలమున మాధవరమను గ్రామమునుండి ఈ రెండు యుద్ధములకును పెక్కుమంది వెళ్లిరి. దానిని నేటికిని మిలిటరీ మాధవరమని పిలుతురు. అచ్చట వారి జ్ఞాపకార్థము స్తూపము కలదు. ఈ యుద్ధములలో తుపాకి పేల్చినవారికంటె తుపాకి ముట్టని సైనికులు పెక్కు పనులు చేసిరి. లారీ నడపువాడు, తంతి పంపువాడు, కంచరగాడిదలను తోలువాడు, వంట చేయువాడు, వైద్యుడు, పటములు గీయువాడు, వీరందరును సైనికులే.

1947 తరువాత బత్తెమిచ్చు చేయి మరల మారినది. ఇప్పుడు సైనికుని జీతము ప్రజాప్రతినిధుల సభలో పద్దుగా ఒప్పుకొనబడి, మన పన్నులనుండి పోవుచున్నది. అగ్గిపెట్టె కొన్న ముసలమ్మయు అందులో నొక పైసా యిచ్చుచున్నది. దానికి తగినట్లే అతని పనియు మారెను. కొరియా యుద్ధమునకు 1950లో స్వతంత్ర భారతదేశము పోరాడు సేనను పంపలేదు; 60వ పారాచూటు వైద్యదళమును పంపెను. వారు అచ్చట రోగులకును క్షతగాత్రులకును శస్త్రచికిత్సలు చేసిరి. ఐక్యరాజ్యసమితి పక్షమున శాంతిరక్షణకు కాంగో మొదలగు దేశములకు ఇంతవరకు పోయిన భారతీయులు రెండున్నర లక్షలకు మించిరి. 2013 జూన్‌లో ఉత్తరాఖండమున వరదలు వచ్చినప్పుడును, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును కొట్టినప్పుడును సైనికులు త్రాళ్లతోను పడవలతోను వచ్చిరి.

పోరాటము తీరిపోయినదని మేము చెప్పుటలేదు. 2020 జూన్ 15 రాత్రి గాల్వాను లోయలో చైనావారితో జరిగిన పెనుగులాటలో 20 మంది మన సైనికులు మరణించిరి. వారి నాయకుడు సూర్యాపేటవాడైన కల్నల్ సంతోష్‌బాబు. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివినవాడు. సరిహద్దు రేఖ దగ్గర తుపాకి పేల్చరాదని రెండు దేశములకును ఒడంబడికలున్నందున, క్షిపణుల కాలమున ఆ రాత్రి మనుష్యులు కఱ్ఱలతోను రాళ్లతోను చేతులతోను పోరాడిరి. చేతనున్న ఆయుధమును వాడకుండుట సైనికుని పనిలో భాగమైనదని దీనిని చూచి తెలిసికొనవచ్చును. దాని వెల యెంతయో ఆ యిరువది కుటుంబములకే తెలియును.

ఈ వ్యాసము సగము వ్రాసియుండగా మా పూర్వ విద్యార్థి యొకడు తండ్రితో మా యింటికి వచ్చెను. పిల్లవాడు సైన్యములో చేరవలెనని యున్నాడు. తండ్రి కౌలు రైతు. "నాలుగేండ్లే యంట గదా మాస్టరుగారూ, తరువాత వీని గతి యేమి?" అని యడిగెను. 2022లో వచ్చిన అగ్నిపథ పథకమున సేవాకాలము నాలుగు సంవత్సరములనియు, ముగిసిన తరువాత నూటికి ఇరువది యైదుగురివరకు మాత్రమే స్థిరముగా తీసికొందురనియు, తక్కినవారికి పింఛను లేక సుమారు 11 లక్షల 71 వేల రూపాయల నిధి యిత్తురనియు నియమము చేసిరి. ఈ సంగతులు చెప్పి, కాగితము మీద లెక్క వేసి చూపితిమి. అగస్టసు చక్రవర్తి కథ గూడ చెప్పబోయితిమి గాని ఆ పెద్దమనిషి మోము చూచి మానుకొంటిమి. "ఆ సొమ్ముతో రెండెకరములు వచ్చునా?" అనెను. మా ఊరి ధరలలో రాదని చెప్పితిమి. అతడు చాలసేపు మాటలాడలేదు.

పిల్లవాడు మాత్రము 1,600 మీటర్ల పరుగును ఎంతలో ముగింపవలెనో మాకు వివరించుచుండెను. ప్రతిదినము తెల్లవారుజామున చెఱువు గట్టుమీద పరుగెత్తుచున్నాడట. నడవడి పత్రము కావలెననిరి. వ్రాసి, సంతకము చేసి యిచ్చితిమి.